బడి ఎవరి చేతిలో ఉంది?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో గానీ, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో గానీ ఇల్లు కొనబోయే తెలుగువాళ్లు ఏజెంటును రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. తూర్పు ముఖమేనా? ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుంది? మొదటి ప్రశ్న దగ్గర సర్దుకుపోయేవాళ్లు ఉన్నారు. రెండో ప్రశ్న దగ్గర సర్దుకుపోయేవాళ్లు అరుదు. రోడ్డుకు ఇవతలి వరస ఒక డిస్ట్రిక్ట్, అవతలి వరస ఇంకో డిస్ట్రిక్ట్ అయితే ఒకేలా కట్టిన ఇళ్ల ధరల్లోనూ వేల డాలర్ల తేడా వస్తుంది. పిల్లలు ఏ బడికి వెళ్లాలో చిరునామాయే తేలుస్తుంది గనుక ముప్పై ఏళ్లు అప్పు కట్టాల్సి వచ్చినా ఆ చిరునామానే కొంటారు.

అంత పెట్టి కొన్న స్కూల్ డిస్ట్రిక్ట్ నిజానికి ఒక చిన్న ప్రభుత్వం. ఈ సంగతి మనవాళ్లలో చాలామంది పట్టించుకోలేదు. పేరు విని మన జిల్లా విద్యాశాఖ లాంటిదే అనుకుంటారు. అమెరికాలో ఇలాంటి డిస్ట్రిక్టులు దాదాపు 13 వేలు ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో వాటికి సొంత పన్ను ఉంటుంది, జనం ఓటేసి ఎన్నుకున్న బోర్డు ఉంటుంది. బడులన్నిటినీ నడిపే సూపరింటెండెంట్‌ను ఆ బోర్డే తెచ్చుకుంటుంది, నచ్చకపోతే ఆ బోర్డే పంపేస్తుంది. సిలబస్ హద్దులు రాష్ట్రం గీస్తుంది. ఆ హద్దుల లోపల టీచర్ల జీతాల పట్టిక, సెలవుల క్యాలెండర్, కొత్త బడి ఎక్కడ కట్టాలన్నది బోర్డు ఇష్టం. కట్టడానికి అప్పు కావాలంటే బాండ్ ఎన్నిక పెట్టి ఓటర్లను అడగాలి, వాళ్లు వద్దంటే ఆ భవనం లేవదు. బోర్డు సమావేశానికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. పేరు రాయించుకుంటే మైకు ముందు రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. దీపావళి సెలవు కోసం మనవాళ్లు వెళ్లింది ఆ మైకు దగ్గరికే, చాలాచోట్ల సాధించుకున్నది కూడా అక్కడే. వాషింగ్టన్ నుంచి బడులకు వచ్చే సొమ్ము మొత్తం ఖర్చులో పదో వంతుకు అటూ ఇటూ. అధ్యక్షుడు తలచుకున్నా టెక్సాస్‌లోని ప్లేనోలో ఒక లెక్కల టీచరును బదిలీ చేయలేడు.

మన ఊళ్లో హైస్కూలు గేటు మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అని రాసి ఉంటుంది. ఆ బడిలో లెక్కల టీచరు పోస్టు ఖాళీ అయితే నింపే అధికారం జిల్లా పరిషత్‌కు లేదు. డీఎస్సీ నోటిఫికేషన్ రాష్ట్రం వేయాలి. బదిలీల జీవో సచివాలయం నుంచి రావాలి. పిల్లల యూనిఫాం గుడ్డ దగ్గర్నుంచి మధ్యాహ్న భోజనం మెనూ దాకా నిర్ణయాలన్నీ పైనే జరుగుతాయి. రాజ్యాంగం 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. ప్రాథమిక, మాధ్యమిక విద్య అందులో పదిహేడోది. సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అప్పుడు పుట్టిన పిల్లల పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. బడి మాత్రం పంచాయతీ చేతికి రాలేదు.

30 లక్షల మంది, 5 లక్షల మంది

ప్రజాస్వామ్యం వేళ్లు అమెరికాలోనే లోతుగా ఉన్నాయని, మనకు పైపైనే ఉన్నాయని అనేవాళ్లు ఒక లెక్క చూడాలి. అధ్యక్షుడి నుంచి స్కూల్ బోర్డు సభ్యుడి దాకా అమెరికాలో ఎన్నికయ్యే పదవులు 5 లక్షలకు పైగా ఉంటాయని అంచనా. మన దేశంలో ఒక్క పంచాయతీరాజ్ సంస్థల్లోనే ఎన్నికైన ప్రతినిధులు 30 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లలో దాదాపు సగం మంది మహిళలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ స్థానిక పదవుల్లో సగం మహిళలకు కేటాయించాయి. ఎస్సీ, ఎస్టీలకు వాళ్ల వాటా ఉంది. దళిత మహిళ సర్పంచి కుర్చీలో కూర్చోవడానికి మన చట్టమే దారి వేసింది. అమెరికా స్కూల్ బోర్డులో నల్లజాతివాళ్లకో, స్పానిష్ మాట్లాడేవాళ్లకో, మనకో అలా ఏ కుర్చీనీ పక్కన పెట్టలేదు.

ఓటింగ్ శాతాల్లో తేడా ఇంకా పెద్దది. 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికల్లో, 2025 డిసెంబరులో తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ 80 శాతం దాటింది. హైదరాబాద్ నుంచి బస్సులు పట్టుకుని, సెలవు పెట్టుకుని ఊరికి వెళ్లి ఓటేసి వచ్చారు. అమెరికాలో స్కూల్ బోర్డుకు విడిగా ఎన్నిక పెడితే చాలాచోట్ల ఓటర్లలో పదో వంతు కూడా రారు. కోట్ల డాలర్ల బడ్జెట్‌ను ఎవరి చేతిలో పెట్టాలో కొన్ని వందల ఓట్లతో తేలిపోతుంది.

అధికారం అంతా ఉన్న బోర్డుకు అక్కడ ఓటరు రాడు. ఎండలో వరసలో నిలబడి ఇక్కడ మనం ఎన్నుకున్న సర్పంచికి చెక్ పవర్ కూడా ఒంటరిగా ఉండదు. తెలంగాణ 2018 చట్టం దాన్ని సర్పంచికీ ఉప సర్పంచికీ కలిపి ఇచ్చింది, సర్పంచిని సస్పెండ్ చేసే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను ప్రభుత్వం కరెంటు బకాయిల కింద సర్దేసుకున్నందుకు సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణలో పదవి దిగిపోయిన సర్పంచులు సొంత డబ్బుతో చేయించిన పనుల బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే పల్లెల్ని ఏలారు. అమెరికాలో ఏ స్కూల్ డిస్ట్రిక్టులోనైనా మామూలు రోజుల్లో రెండేళ్లు ఎన్నిక వాయిదా వేస్తే వ్యవహారం వెంటనే కోర్టుకెక్కేది.

ఈ తేడా ఎక్కడ మొదలైంది? 1647లోనే మసాచుసెట్స్ కాలనీ ఒక చట్టం చేసింది. 50 కుటుంబాలున్న ఊరు చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలి, 100 కుటుంబాలుంటే గ్రామర్ స్కూలు నడపాలి, ఖర్చు ఊరే చూసుకోవాలి. మనకు సర్కారు చదువు 1854లో వుడ్స్ డిస్పాచ్ అనే ఉత్తర్వు రూపంలో లండన్ నుంచి వచ్చింది. దాని ప్రకారం మద్రాసులో ఒక డైరెక్టరు కూర్చున్నాడు, ఆయన కింద ఇన్‌స్పెక్టర్లు తిరిగారు. డీఈవో, ఎంఈవో ఆ వంశంలోవాళ్లే. మధ్యలో ఒక్కసారి గాలి మారింది. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. రాజస్థాన్ తర్వాత ఈ పని చేసిన రెండో రాష్ట్రం మనదే. సమితులు, జిల్లా పరిషత్తుల చేతికి బడులు వచ్చాయి. గేటు మీది పేరు ఆనాటిది. అయితే టీచరు బదిలీ స్థానిక నాయకుడి చేతిలో కక్ష తీర్చుకునే ఆయుధం కూడా అయింది, ఉపాధ్యాయ సంఘాలు దాని మీద పోరాడాయి. ఆ పోరాటంలో న్యాయం ఉంది. అమెరికా బోర్డులూ అధికారాన్ని చెడుగా వాడతాయి. 2022 జనవరిలో టెనెసీలోని మెక్‌మిన్ కౌంటీ బోర్డు, యూదుల ఊచకోతను చెప్పే ‘మౌస్’ పుస్తకాన్ని ఎనిమిదో తరగతి పాఠాల నుంచి 10–0 ఓట్లతో తీసేసింది. కానీ ఆ పది మంది ఎవరో ఊరందరికీ తెలుసు, మళ్లీ ఎన్నికకు వచ్చినప్పుడు నిలదీయవచ్చు. మన బడికి టీచరు రాకపోతే ఎవరిని నిలదీయాలో సర్పంచికే తెలియదు.

ఎడ్జ్‌వుడ్ పిల్లలు

అమెరికా బడిని మెచ్చుకునేటప్పుడు మనవాళ్లు ఒక కేసు గుర్తుంచుకోవాలి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ బరువు ప్రాపర్టీ ట్యాక్స్ మీద పడుతుంది. బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్టుది. ఇళ్ల విలువ ఎక్కువున్న చోట కొద్ది రేటుకే బోలెడు డబ్బు వస్తుంది. పేదల పేటలో ఎంత రేటు వేసినా రాదు.

శాన్ ఆంటోనియో నగరంలోని ఎడ్జ్‌వుడ్ అలాంటి పేట. అక్కడివాళ్లు ఎక్కువగా మెక్సికన్ మూలాలున్న శ్రామికులు. 1968 మే నెలలో అక్కడి హైస్కూలు పిల్లలు పగిలిన కిటికీల మీద, అర్హత లేని టీచర్ల మీద కోపంతో తరగతులు వదిలి బయటికి నడిచారు. వైమానిక స్థావరంలో రేకుల పని చేసే డెమెట్రియో రోడ్రిగెజ్, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అప్పట్లో ఎడ్జ్‌వుడ్‌వాళ్లు 100 డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల పన్ను కట్టేవాళ్లు. అన్ని వైపుల నుంచి వచ్చింది కలిపితే పిల్లవాడికి ఏడాదికి 356 డాలర్లు. అదే నగరంలో సంపన్నుల అలమో హైట్స్ 0.85 డాలర్లే కట్టేది, అక్కడ పిల్లవాడికి 594 డాలర్లు. ఎక్కువ పన్ను కట్టినవాడి బిడ్డకు తక్కువ చదువు.

1973 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పు చెప్పింది. చదువు ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక హక్కు కిందికి రాదు, ఈ పన్ను పద్ధతి చెల్లుతుంది అని. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరు చేసిన బడులను కూలదోసిన 1954 నాటి బ్రౌన్ కేసులో వాదించి గెలిచిన లాయరు థర్‌గుడ్ మార్షల్ అప్పటికి జడ్జిగా ఆ బెంచీ మీద ఉన్నారు. ఆయన తీవ్రంగా విభేదించారు. ఆయన మాట నెగ్గలేదు.

ఇరవై ఏళ్లకు మన సుప్రీంకోర్టు ముందుకు ఒక తెలుగు కేసు వచ్చింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. క్యాపిటేషన్ ఫీజులను అడ్డుకునే చట్టాలను ప్రైవేటు ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీలు సవాలు చేశాయి. 1993 ఫిబ్రవరిలో వచ్చిన ప్రధాన తీర్పును రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. పద్నాలుగేళ్ల వయసు దాకా చదువు ప్రతి బిడ్డకూ ప్రాథమిక హక్కు అని ఆ తీర్పు చెప్పింది. 2002లో 86వ సవరణ దాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించింది, 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు ఇవ్వలేనన్నదాన్ని మన కోర్టు ఇచ్చింది. తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది, ఎందుకో ఎక్కడా చెప్పుకోం.

ఆ తీర్పుతోనే ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అనే మాటలు మన ఇళ్లలోకి వచ్చాయి. మధ్యతరగతి ఇళ్ల పిల్లలు ఆ సీట్లలో ఇంజినీరింగ్ చదివి అమెరికా విమానం ఎక్కారు. ఇవాళ ఫ్రిస్కోలో, ప్లేనోలో ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నవాళ్లలో ఆ తరంవాళ్లు ఎందరో ఉన్నారు.

ఎడ్జ్‌వుడ్ కథ 1973తో ఆగలేదు. 1989లో టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు, రాష్ట్ర రాజ్యాంగం కింద ఎడ్జ్‌వుడ్ వైపు ఏకగ్రీవంగా నిలబడింది. 1993లో, ఉన్నికృష్ణన్ తీర్పు వచ్చిన ఏడాదే, సంపన్న డిస్ట్రిక్టుల మిగులును తీసి పేద డిస్ట్రిక్టులకు పంచే చట్టం అక్కడ వచ్చింది. దాన్ని జనం ‘రాబిన్ హుడ్’ అంటారు. ప్లేనో అలా కోట్ల డాలర్లు వదులుకుంటూ వచ్చింది. మన పన్ను ఎవరికో పోతోందని మనవాళ్లు కొందరు విసుక్కుంటారు. ఉచితంగానో చౌకగానో చదివి వచ్చినవాళ్ల నోట ఆ మాట వినడం నాకు కష్టంగా ఉంటుంది.

ప్రాథమిక హక్కు మనకు రాతలో ఉంది. వేల సంఖ్యలో ఏకోపాధ్యాయ బడులూ ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ పెట్టమంది. అందులో మూడొంతుల మంది అంటే నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఆ కమిటీకి బడ్జెట్ మీద గట్టి పట్టు, టీచరు రాకపోతే పై అధికారి నుంచి గడువులోగా జవాబు రాబట్టే అధికారం ఇస్తే చాలు, బోర్డు లాంటిది మన దగ్గరా మొలుస్తుంది. పన్ను పద్ధతిని మాత్రం అమెరికా నుంచి తెచ్చుకోకూడదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వేసి, వసూలు చేసినది కూడా గ్రంథాలయ సంస్థకు సమయానికి చేర్చని స్థానిక సంస్థలు మనవి. బడికి ఊరి ఆస్తే ఆధారమైతే జూబ్లీహిల్స్ బడికీ ఉట్నూరు బడికీ మధ్య దూరం ఎడ్జ్‌వుడ్ చూసినదానికి ఎన్నో రెట్లవుతుంది.

టీజే సీటు, బాసర సీటు

వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఉంది. సైన్సుకు దేశంలోనే పేరున్న సర్కారు బడి. టీజే అంటారు. అక్కడ సీటు కోసం మన పిల్లలు ఐదారు తరగతుల నుంచే కోచింగ్‌కు వెళ్లేవాళ్లు, ఎంసెట్ ఇంకో పేరుతో అక్కడ పుట్టింది. 2020 అక్టోబరులో 12 మంది సభ్యుల కౌంటీ స్కూల్ బోర్డు ఎంట్రన్సు పరీక్ష తీసేసింది. డిసెంబరులో ప్రతి మిడిల్ స్కూలుకూ దాని ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతానికి సరిపడా సీట్లు కేటాయించింది. మరుసటి బ్యాచ్‌లో ఆసియా మూలాల పిల్లల వాటా 73 శాతం నుంచి 54 శాతానికి పడింది. తల్లిదండ్రులు కూటమి కట్టి కోర్టుకెళ్లారు. 2022లో కింది కోర్టులో గెలిచారు, 2023లో అప్పీలు కోర్టులో ఓడారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

మా పిల్లల కష్టానికి విలువ లేదా అని ఆ తల్లిదండ్రులు అడిగారు. ఆ బాధ అర్థమవుతుంది. ర్యాంకు ఒక్కటే సిఫారసు లేని తలుపు అని నమ్మి బతికిన జాతి మనది. కానీ 2008లో మన రాష్ట్రమే నూజివీడు, బాసర, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీలు పెట్టి ఏం చేసిందో గుర్తు చేసుకోవాలి. ఎంట్రన్సు లేదు. పదో తరగతి ఫలితమే కొలత. సర్కారు బడిలో చదివిన విద్యార్థి జీపీఏకు 0.4 కలిపి ప్రవేశాలు ఇచ్చారు. కోచింగ్ కొనలేని ఊరి బడి పిల్లవాడిని వెతికి పట్టుకోవడానికే ఆ ఏర్పాటు. ఫెయిర్‌ఫాక్స్ బోర్డు పన్నెండేళ్ల తర్వాత చేసిందీ దాదాపు అదే పని. బాసరలో న్యాయమని మెచ్చుకున్నదాన్ని ఫెయిర్‌ఫాక్స్‌లో అన్యాయం అనాలంటే గట్టి కారణం కావాలి. నాకు అలాంటిది కనిపించలేదు.

జ్యూరీ పిలుపు

బడి తర్వాత కోర్టు. అమెరికా పౌరసత్వం వచ్చిన కొన్నాళ్లకు పోస్టులో జ్యూరీ డ్యూటీ కాగితం వస్తుంది. ఓటర్ల జాబితా, డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి పేర్లు తీస్తారు. గ్రీన్‌కార్డుతో ఉన్నవాళ్లకు అందులో చోటు లేదు, పౌరులే కూర్చోవాలి. ఫెడరల్ కోర్టులో రోజుకు 50 డాలర్లు ఇస్తారు. దీన్ని ఎలా తప్పించుకోవాలని మనవాళ్లు ఒకరినొకరు అడుగుతుంటారు. తప్పించుకోకూడదు. తోటి మనిషి దోషా కాదా అని తేల్చే అధికారం మామూలు ఉద్యోగికి అప్పగించే దేశాలు తక్కువ. రేపు మన యాసతో మాట్లాడే మనిషి బోనులో నిలబడితే, ఆ పన్నెండు మందిలో ఆ యాస అర్థమయ్యేవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

మన దేశంలోనూ జ్యూరీ ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి హత్య కేసులో జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అంది, జడ్జి ఒప్పుకోలేదు, హైకోర్టు శిక్ష వేసింది. జ్యూరీ మీద అప్పటికే సన్నగిల్లిన నమ్మకం ఆ తర్వాత నిలబడలేదు. 1973 నాటి నేర విచారణ స్మృతిలో దానికి చోటే లేకుండా పోయింది. అయితే అమెరికాలోనూ జ్యూరీ దాకా వెళ్లే కేసులు కొన్నే. ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరం ఒప్పుకోలు బేరాల మీదే పడుతున్నాయని 2012లో సుప్రీంకోర్టే చెప్పింది. మన కోర్టుల్లో 5 కోట్లకు పైగా కేసులు మూలుగుతున్నాయి. అక్కడ విచారణ జరగకుండా ముగుస్తుంది, ఇక్కడ విచారణ ముగియదు.

బోర్డులకూ జ్యూరీలకూ లాగే నగరాలకూ కౌంటీలకూ స్థానిక అధికారం ఉంది. 2023లో ఒకే నగరం దాని రెండు ముఖాలనూ తెలుగువాళ్లకు చూపించింది. జనవరి 23న సియాటిల్‌లో కర్నూలు జిల్లా నుంచి చదువుకోడానికి వెళ్లిన 23 ఏళ్ల జాహ్నవి కందుల రోడ్డు దాటుతుంటే పోలీసు కారు ఢీకొట్టి చంపేసింది. గంటకు 25 మైళ్ల రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల వేగంతో వచ్చింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఇంకో అధికారి నవ్వుతూ ఫోన్లో మాట్లాడిన మాటలు అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయ్యాయి, సెప్టెంబరులో బయటికి వచ్చాయి. నవ్వినవాడి ఉద్యోగం 2024లో పోయింది, కారు నడిపినవాడి ఉద్యోగం 2025 జనవరిలో పోయింది. కానీ ఆమె మరణానికి క్రిమినల్ కేసు పెట్టేది లేదని కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయం 2024 ఫిబ్రవరిలో తేల్చేసింది. ఆ ప్రాసిక్యూటర్‌ది ఓట్లతో ఎన్నికయ్యే పదవి. కర్నూలు జిల్లాలోని తల్లికి అక్కడ ఓటు లేదు.

ఆమె చనిపోయి నెల తిరగకుండానే, ఫిబ్రవరి 21న, అదే సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అది. కారంచేడు, చుండూరు దళితుల ఊచకోతలు చూసినవాళ్లం మనం. సముద్రం దాటాక కులం పోయిందని చెప్పుకునే మన సంఘాలకు ఒక నగర కౌన్సిల్ ఇచ్చిన జవాబు అది. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి చట్టమే చేస్తే ఆ ఏడాది అక్టోబరులో గవర్నరు వీటో చేశారు.

పన్ను కట్టినా ఓటు లేనివాళ్లు

హెచ్1బీ మీద వెళ్లి, ఇల్లు కొని, పదిహేనేళ్లు స్కూల్ ట్యాక్స్ కట్టి, ఇంకా గ్రీన్‌కార్డు వరసలోనే ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో. ఏ దేశంవాళ్లకూ ఏటా 7 శాతం దాటి ఉపాధి గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్న నిబంధన వాళ్లను అక్కడ ఆపేసింది. పిల్లలు ఆ బడుల్లో చదువుతారు, తల్లిదండ్రులకు బోర్డు ఎన్నికలో ఓటు లేదు. ప్రాతినిధ్యం లేకుండా పన్ను వేయొద్దని తిరగబడి పుట్టిన దేశంలో ఇది న్యాయం కాదు. పరిష్కారం చూపించిన ఊళ్లు కూడా ఉన్నాయి. మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్ 1992 నుంచి పౌరులు కానివాళ్లనూ పట్టణ ఎన్నికల్లో ఓటేయనిస్తోంది. శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు 2016లో ఒప్పుకోగా, 2018 నుంచి అక్కడ పౌరులు కాని తల్లిదండ్రులు కూడా స్కూల్ బోర్డుకు ఓటేయవచ్చు.

పౌరసత్వం వచ్చినవాళ్ల సంగతి వేరు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణ మిల్లర్ 2023 జనవరిలో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. విజయవాడ మూలాలున్న జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమితులయ్యారు. ఆ వార్తలకు మన ఊళ్లలో మిఠాయిలు పంచుతాం. 2024 మే నెలలో అసెంబ్లీ ఎన్నికలకు ఓటేయడానికి భారత పౌరసత్వం ఉన్న ఎన్నారైలు అమెరికా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు విమానాల్లో వచ్చారు. అంత దూరం వచ్చి ఓటేసిన జాతికి, వీధి చివర లైబ్రరీలో పెట్టిన స్కూల్ బోర్డు పోలింగ్ కేంద్రం దూరం కాకూడదు.

టెక్సాస్‌లో చాలా స్కూల్ బోర్డుల ఎన్నికలు మే నెల మొదటి శనివారం జరుగుతాయి. ఓటరుగా నమోదుకు గడువు దానికి 30 రోజుల ముందే ముగుస్తుంది. పోలింగ్ రోజున కుదరనివాళ్లు ముందస్తు ఓటింగ్‌లో వేయవచ్చు. బోర్డు సమావేశాల తేదీలు, ఎజెండా, బడ్జెట్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. సమావేశంలో మాట్లాడటానికి ఓటు హక్కు అడగరు, హెచ్1బీ మీద ఉన్న తల్లయినా తండ్రయినా పేరు రాయించుకుని మైకు ముందుకు వెళ్లవచ్చు.